ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఆదోని

పాత లెన్సుల గురించి రాసేవాళ్ళందరూ దాదాపు ఒకే పరీక్ష పెడతారు. ఒక ఇటుక గోడ, ఒక స్టాండు, పాత వెర్షన్‌తో ఒక ఫోటో, కొత్త వెర్షన్‌తో ఒక ఫోటో. తర్వాత రెండు ఫోటోల మూలల్ని రెండు వందల శాతం పెద్దవి చేసి పక్కపక్కన పెడతారు. ఏ మూలలో ఇటుక గీత తేటగా ఉంటే ఆ లెన్సు గెలిచినట్టు. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి కొలతంటే నాకు గౌరవమే. కానీ గోడని ఫోటో తీయడానికి లెన్సు కొనేవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. కొనేవాడు దాన్ని ఎక్కడికో తీసుకెళ్తాడు, ఎవరి ముందో నిలబడతాడు. ఎంత దగ్గరగా నిలబడగలడు, నిలబడాలా అన్నవి ఇటుక గోడ చెప్పని సంగతులు.

ఈ వ్యాసంలో నేను తీసుకున్న లెన్సు నికాన్ వాళ్ళ 28 మిల్లీమీటర్ల నికోర్. ఊరు ఆదోని, దానికి కూతవేటు దూరంలో ఎమ్మిగనూరు. లెన్సు వెర్షన్ల మధ్య ఎంపికని సాహిత్య పత్రికలో ఎందుకు రాయాలని అడిగేవాళ్ళకి ఒక్క మాట: ఇది పాఠాంతరాల సమస్యే. కన్యాశుల్కం మనకి రెండున్నాయి. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయింది ఒకటి. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, మధురవాణి పాత్రని ఎక్కడికో తీసుకెళ్ళి అచ్చు వేసింది రెండోది. మనం చదివేదీ, ఆడేదీ రెండోదే. మొదటిది జనం మరిచిపోయాక 1969లో బంగోరె బయటికి తెచ్చారు. రెండూ పక్కపక్కన చదివినవాళ్ళకి ఒక విషయం అర్థమవుతుంది. రచయిత తప్పులు దిద్దడంతో ఆగలేదు, మనుషులకి ఎంత దగ్గరగా వెళ్ళాలన్న నిర్ణయం కూడా మార్చుకున్నాడు. లెన్సు విషయంలో ఇదే మాట అక్షరాలా నిజం. ఆ దూరాన్ని సెంటీమీటర్లలో చెప్పొచ్చు.

నికాన్ తన ఎస్సెల్లార్ కెమెరాల కోసం 1960లో తెచ్చిన 28 ఎం.ఎం. ఎఫ్/3.5లో ఆరు గాజులుంటాయి. దాని పేరులో ఉండే హెచ్ అక్షరం ‘హెక్సా’కి గుర్తు, అంటే ఆరు. అది 60 సెంటీమీటర్లకన్నా దగ్గరగా ఫోకస్ కాదు. డెబ్బైల మధ్యలో ఏడు గాజులతో ఎఫ్/2.8 వచ్చింది. 1977లో నికాన్ ఏఐ అనే పద్ధతి మొదలుపెట్టాక ఇదే లెన్సు ఏఐ అయింది. ఇది 30 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. 1981లో వచ్చిన ఏఐ-ఎస్‌లో గాజులు ఎనిమిది, దగ్గరితనం 20 సెంటీమీటర్లు. అరవై, ముప్ఫై, ఇరవై. రెండు దశాబ్దాల్లో ఒక కంపెనీ ఇంజినీర్లు ఫోటోగ్రాఫర్‌ని ఎదుటి మనిషి వైపు నలభై సెంటీమీటర్లు ముందుకి నెట్టారు.

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్ళాలి, లేకపోతే తర్వాత చెప్పేది గాల్లో ఉంటుంది. ఎస్సెల్లార్‌లో ఫిల్ముకీ లెన్సుకీ మధ్య అద్దం పైకీ కిందికీ కదలాలి. అందుకే నికాన్ కెమెరాలో లెన్సు బిగించే అంచు నుంచి ఫిల్ము దాకా 46.5 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. మామూలు పద్ధతిలో కట్టిన 28 ఎం.ఎం. లెన్సు ఫిల్ముకి దాదాపు 28 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, అక్కడేమో అద్దం తిరుగుతోంది. కాబట్టి టెలిఫోటో లెన్సుని తిరగేసినట్టు కడతారు. ముందు కాంతిని విప్పదీసే గాజులు, వెనక పోగుచేసే గాజులు. ఫ్రాన్సులో ఆంజెన్యూ కంపెనీ 1950లో ఇలాంటి లెన్సుకి రెట్రోఫోకస్ అని పేరు పెట్టింది, ఆ పేరే నిలిచిపోయింది. ఈ కట్టుబడికి ఒక బలహీనత ఉంది. దూరంగా ఉన్నవాటికి సరిపోయేలా లెక్కలు కట్టిన లెన్సు దగ్గరికి తెస్తే మూలలు చెదిరిపోతాయి. మధ్యలో బాగుంటుంది, అంచుల్లో మసక. దీనికి నికాన్ కనిపెట్టిన విరుగుడు సీఆర్‌సీ. ఫోకస్ తిప్పేటప్పుడు గాజులన్నీ ఒక గుత్తిగా కదలకుండా, ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య ఎడం కూడా మారుతుంది. 1967లో వచ్చిన 24 ఎం.ఎం. ఎఫ్/2.8లో ఇది మొదటిసారి కనబడింది. 28 ఎఫ్/2.8కి దక్కింది మాత్రం 1981లోనే.

ఇంకో సంగతి. ఈ 20 సెంటీమీటర్లని కొలిచేది లెన్సు ముందు గాజు నుంచి కాదు, కెమెరా లోపల ఫిల్ము ఉండే చోటు నుంచి. అందులో 46.5 మిల్లీమీటర్లు కెమెరాకే పోతాయి, లెన్సు పొడవు కూడా దాదాపు అంతే. అంటే ముందు గాజుకీ, ఎదుట ఉన్నదానికీ మధ్య మిగిలేది సుమారు పది సెంటీమీటర్లు, బెత్తెడుకన్నా కాస్త ఎక్కువ. ఎదుటి మనిషి ఊపిరి గాజు మీద పడే దూరం అది.

ఇప్పుడు ఆదోని వైపు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల ఫోటోలు బయటి ప్రపంచానికి చేరేది ఏడాదికి మూడు నాలుగు సందర్భాల్లోనే. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో వజ్రాలు వెతుకుతూ వంగిన జనం. దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని ఉత్సవం, కర్రలు, దివిటీలు, రక్తం. పంటలు పోయిన ఏడు కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి పోయే కుటుంబాలు, మూటలు, పిల్లలు, గుంటూరు మిరప చేలకి బయల్దేరిన బండ్లు. నాలుగోది ఎప్పుడూ ఉండేదే, నెర్రెలిచ్చిన నేల. ఈ ఫోటోలన్నిట్నీ ఒకచోట పెట్టి చూడండి. ఎక్కువ భాగం వైడ్ యాంగిల్‌తో, దగ్గర్నుంచి, కొంచెం కింద నుంచి తీసినవే. ముందు ఒక చెయ్యో, ఒక కర్రో, ఒక చంటిపిల్లో పెద్దగా కనిపిస్తుంది. వెనక మిగతా ఊరంతా చిన్నదైపోయి ఆకాశం కింద కుంగిపోయి ఉంటుంది.

ఈ రూపం వార్తా ఫోటోగ్రఫీలో వ్యాకరణం లాంటిది, దాన్ని తప్పని అనను. కానీ వ్యాకరణం కూడా ఒక వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పిస్తుంది: ఇక్కడ మనిషి ముందున్నాడు, అతని వెనక ఏమీ లేదు. రాయలసీమ కథ అనగానే పట్నం పాఠకుడు కరువునో ఫ్యాక్షన్‌నో ఆశించినట్టే, పడమటి కర్నూలు ఫోటో అనగానే ఎడిటరు ఈ ఆకారాన్నే ఆశిస్తాడు. ఆదోనిని ఒకప్పుడు రెండో బొంబాయి అనేవాళ్ళు. పత్తి యార్డు, జిన్నింగ్ మిల్లులు, షావుకార్లు, తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే నోట్లో పలికే బజారు. 1953 అక్టోబరు దాకా ఈ తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది, ఆ సరిహద్దు భాషలో ఇంకా చెరిగిపోలేదు. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ బండి దగ్గర నిలబడితే వినపడుతుంది. ఇవేవీ ఆ వంగిన మనిషి వెనక పట్టవు. అతని వెనక ఏమీ లేనట్టు కనబడేది నిజంగా ఏమీ లేక కాదు. కెమెరా అంత దగ్గరికి వచ్చింది కాబట్టి వెనకున్నదంతా చిన్నదైపోయింది.

చాలామంది ఈ నేరం లెన్సు మీద వేస్తారు. ‘వైడ్ లెన్సు ముఖాల్ని వికారం చేస్తుంది’ అంటారు. చెయ్యదు. ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా కనబడ్డానికి కారణం దూరం. అదే దూరం నుంచి కంటితో చూసినా అదే అనుపాతం. వైడ్ లెన్సు చేసేదల్లా అంత దగ్గరికి రమ్మని పిలవడమే. ఇప్పుడు అరవై, ముప్ఫై, ఇరవై అన్న అంకెలకి వేరే అర్థం వస్తుంది. 1960 నాటి లెన్సు ఒక హద్దు గీసి ఆపుతుంది. చెయ్యి చాచితే తగిలేంత దూరం, మాట్లాడుకోవడానికి సరిపడే దూరం. 1981ది అనుమతి అడగదు.

మరి పాతదే కొనాలా? ఇక్కడితో ఆగితే అదే చెప్పాలి. పాత లెన్సుల అభిమానులకి అది నచ్చుతుంది కూడా. కానీ వాళ్ళు పాతదాన్ని ఇష్టపడే కారణం ఈ హద్దు కాదు. వాళ్ళు ‘క్యారెక్టర్’ అని ఒక మాట వాడతారు. నాకు ఆ మాటతోనే పేచీ.

మొదటి ఎఫ్/3.5 లెన్సుల గాజుల మీద ఒకే పొర పూత ఉండేది. డెబ్బైల మొదట్లో నికాన్ చాలా పొరల పూతకి మారింది. ఆ కాలపు లెన్సుల పేర్లలో సి అక్షరం దానికే గుర్తు. ఒక్క పొర పూత ఉన్న లెన్సుని దీపానికి ఎదురుగా పెడితే లోపలి గాజుల మధ్య కాంతి అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఫోటోలో వెలుగు ముద్దలు, అరల్లాంటి నీడలు, పాలు పోసినట్టు ఒక తెర. చీకట్లో దివిటీలుంటే ఇంకా ఎక్కువ. దీన్నే క్యారెక్టర్ అంటారు.

దేవరగట్టు రాత్రిని తలుచుకోండి. మాళ మల్లేశ్వర స్వామి కల్యాణం అయ్యాక ఉత్సవ విగ్రహాలు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం విగ్రహాలకి కాపు. మిగతా ఊళ్ళవాళ్ళు వాటికోసం ముందుకొస్తారు. ఇనుప పొన్నులు తొడిగిన కర్రలు, వందల దివిటీలు, డప్పులు. ఏటా తలలు పగులుతాయి, గాయాలకి బండారు అద్దుకుంటారు. పోలీసులు ఏటా ముందునుంచే ఊళ్ళలో తిరిగి చెప్తారు. వచ్చేవాళ్ళు మాత్రం ఇది కొట్లాట కాదు, ఆచారం అంటారు. ఒక్క పొర పూత లెన్సుతో దీన్ని తీస్తే దివిటీల వెలుగు ఫ్రేమంతా కరిగి పారుతుంది. నిజంగా చాలా అందమైన ఫోటో వస్తుంది. ఆ అందం ఎక్కడ్నుంచి వచ్చింది? అక్కడున్న మనుషుల నుంచి కాదు, జపాన్లో అరవైల్లో ఒక గాజు మీద రెండో పొర వెయ్యకపోవడం నుంచి. ఒకడి తల పగిలిన రాత్రి మీద ఆ లోపాన్ని అలంకారంగా పూస్తున్నాం. వరదల మీద రాసిన పద్యంలో అంత్యప్రాసలు బాగా కుదిరాయని కవిని మెచ్చుకున్నట్టుంటుంది నాకు.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది. వెలుగు తెర పడితే పోయేది చీకట్లో ఉన్న ముఖాలే. దివిటీ పట్టుకున్నవాడు కనిపిస్తాడు, అతని పక్కన నిలబడినవాడు పాలతెరలో కలిసిపోతాడు. మంచి పూత ఉన్న ఏఐ, ఏఐ-ఎస్‌లతో ఆ రెండోవాడి కళ్ళు కూడా మిగులుతాయి. అతను భయపడుతున్నాడో, నవ్వుతున్నాడో తెలుస్తుంది. బన్ని గురించి ఎవరైనా నిజంగా ఏమైనా తెలుసుకోవాలంటే ఆ రెండో మనిషి ముఖమే కావాలి కదా. కాబట్టి దేవరగట్టుకి సంబంధించినంత వరకు నా ఓటు నిస్సందేహంగా కొత్త పూతకే.

పాత పూతని సమర్థించే వాదం ఒకటి కాస్త బరువైనది. ఆదోని మార్కెట్ యార్డులో మిట్టమధ్యాహ్నం పత్తి కుప్పలు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి తెలుసు. కళ్ళు చెదిరే తెలుపు. దాని పక్కన తలకి తువ్వాలు చుట్టుకున్న హమాలీ ముఖం, ఎండ నెత్తిన ఉండటంతో కళ్ళ కింద నల్లటి గుంటలు. ఈ రెంటినీ ఒకే ఫ్రేములో పట్టడం కష్టం. ఒక్క పొర పూత లెన్సులో చెదిరిన కాంతి నీడల మీద పడి వాటిని కాస్త పైకి లేపుతుంది. ముఖం నల్లటి మచ్చలా కాకుండా ఎంతోకొంత తెలుస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము వాడేవాళ్ళు ఇది మెచ్చుకుంటారు, వాళ్ళకది నిజమే. ఫిల్ముకి ఒక కనీస కాంతి అందితే తప్ప నీడలు నమోదు కావు. ఆ కొంచెం చెదిరిన వెలుగు నీడల్ని గడప దాటిస్తుంది. డిజిటల్‌లో ఈ లాభం లేదు. చెదిరిన వెలుగు కొత్తగా సమాచారం ఏమీ తీసుకురాదు, అన్నిటికీ సమానంగా కొంత తెలుపు కలుపుతుంది, అంతే. శుభ్రంగా తీసిన రా ఫైలులో నీడల్ని తర్వాత పైకి లాక్కోవచ్చు, కలిసిపోయినదాన్ని మాత్రం విడదీయలేం. కాబట్టి ఫిల్ము వాడేవాళ్ళు యార్డుకి పాత ఎఫ్/3.5 పట్టుకెళ్తే నేను ఒప్పుకుంటాను. మిర్రర్‌లెస్ కెమెరాకి అడాప్టర్ తగిలించి అదే లెన్సు వాడుతూ ‘ఫిల్ము లుక్’ అంటే మాత్రం ఒప్పుకోను.

అసలు పోటీ ఎమ్మిగనూరులో. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఎమ్మిగనూరు అంటే దుప్పట్లు, తువ్వాళ్ళు, నేత చీరలు. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన నేతగాళ్ళ సహకార సంఘం ఆ ఊరి చరిత్రలో సగం. జనవరిలో నీలకంఠేశ్వరుడి జాతరకి వచ్చే ఫోటోగ్రాఫర్లు రథం దగ్గరే ఆగిపోతారు. రథాన్ని ఏ లెన్సుతోనైనా తీయొచ్చు, ఎంత దూరమైనా జరగడానికి వీధి ఉంది. మగ్గం ఇంట్లో వీధి ఉండదు. గుంట మగ్గం ఉన్న గది చాలాచోట్ల పదడుగులు. అందులోనే గుంట, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి, పడుగు, పక్కన కండెలు చుట్టే రాట్నం, గోడకి దేవుడి పటాలు, క్యాలెండరు, ఒక మూల బియ్యం డబ్బా. మీరు గోడకి వీపు ఆనించి రెండు మీటర్ల దూరంలో నిలబడ్డారనుకోండి. 50 ఎం.ఎం. లెన్సులో మీటరున్నరకన్నా తక్కువ వెడల్పే పడుతుంది, అంటే మనిషి ఉంటాడు, మగ్గం ఉండదు. 28లో రెండున్నర మీటర్లు పడుతుంది. మనిషి, మగ్గం, రాట్నం తిప్పుతున్న ఇంటావిడ, అందరూ పడతారు. ఆవిడ పడటం చిన్న విషయం కాదు. నేత ఫోటోల్లో నేతగాడు ఒక్కడే పని చేస్తున్నట్టు కనబడటానికి సగం కారణం లెన్సు వెడల్పు చాలకపోవడమే అని నా అనుమానం. నూలు చుట్టే చేతులు ఎప్పుడూ ఫ్రేము బయటే.

ఆ దూరంలో పాత ఏఐకీ కొత్త ఏఐ-ఎస్‌కీ తేడా చెప్పడం కష్టం. ఎపర్చర్ ఎఫ్/5.6కి తగ్గిస్తే ఇంకా కష్టం. తేడా పని దగ్గరికి వెళ్ళినప్పుడు వస్తుంది. నేతలో జరిగే అసలు సంగతులన్నీ జానెడు మేరలో జరుగుతాయి. తెగిన పోగుని రెండు వేళ్ళతో ముడి వెయ్యడం, అచ్చులోంచి పోగుని లాగడం, నాడెలో కండె మార్చడం. ఏఐ-ఎస్ 20 సెంటీమీటర్ల దగ్గర సుమారు 14 సెంటీమీటర్ల వెడల్పుని ఫ్రేము నిండా చూపిస్తుంది. ఒక అరచెయ్యి, దాని చుట్టూ పోగులు. వైడ్ లెన్సు కాబట్టి చేతి వెనక మగ్గం, మగ్గం వెనక కిటికీ కూడా ఉంటాయి. మాక్రో లెన్సుతో తీస్తే చెయ్యి ఎవరిదో, ఎక్కడిదో తెలియని అందమైన వస్తువైపోతుంది, హస్తకళల కేటలాగులో బొమ్మలాగ. ఇక్కడ చెయ్యి గదిలోనే ఉంటుంది.

పడుగు అనేది వందల సమాంతర గీతలు. అవి ఫ్రేము మధ్య నుంచి మూలల దాకా పరుచుకుని ఉంటాయి. సీఆర్‌సీ లేని లెన్సుతో దగ్గరికెళ్తే మధ్యలో పోగు పోగూ లెక్కపెట్టేలా ఉండి, మూలలకి వచ్చేసరికి పిండిలా కలిసిపోతుంది. ఇటుక గోడ పరీక్ష పెట్టేవాళ్ళకి తెలియకుండానే వాళ్ళ పరీక్షకి ఎమ్మిగనూరులో ఒక అర్థం దొరికింది. అయితే వాళ్ళు గోడని దూరం నుంచి తీస్తారు. పడుగుని బెత్తెడు దూరం నుంచి తీస్తేనే 1977కీ 1981కీ మధ్య జరిగింది ఏమిటో తెలుస్తుంది. నేతలో మూలలు అప్రధానం కాదు. అంచు ఎలా పడిందన్నదాన్ని బట్టే బట్టకి ధర.

ఒకసారి నేను లెన్సుని పడుగు మీదికి వంచినప్పుడు మగ్గం మీదున్న పెద్దాయన నాడె ఆపి, “నాయనా, పోగులు తగులుకుంటాయి, రవ్వంత ఎనక్కి జరుగు” అన్నాడు. పది సెంటీమీటర్లు అంటే అదీ. కెమెరా పట్టీ వేలాడి పడుగుని తాకినా ఒక పూట పని పాడవుతుంది. ఈ మాట ఏ లెన్సు సమీక్షలోనూ రాయరు. 20 సెంటీమీటర్ల దాకా వెళ్ళగల లెన్సు ఉండటం వేరు, మగ్గం ఆపినప్పుడు, ఆయన సరే అన్నప్పుడు వెళ్ళడం వేరు. పాత లెన్సు ఈ మర్యాదని ఇంజినీరింగ్ పరిమితిగా మన మీద పెట్టింది. కొత్తది మనకే వదిలేసింది. నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. నా మర్యాదకి కాపలాగా ఒక ఫోకస్ రింగు ఉండాలనుకోవడం నాకు నచ్చదు. పైగా 60 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయే లెన్సు వల్ల అమర్యాద పోదు. వంగిన మనిషి నడుం మీద నుంచి ఆకాశాన్ని చూపించే ఫోటోలు తీయడానికి అరవై సెంటీమీటర్లు ధారాళంగా సరిపోతాయి. పోయేది ముడి వేస్తున్న రెండు వేళ్ళ ఫోటో మాత్రమే.

ఏ వెర్షన్ కూడా దిద్దలేనిది ఒకటుంది. పెళ్ళిళ్ళలో గ్రూపు ఫోటోలు చూడండి. చిన్న హాలు, పెద్ద బలగం, వైడ్ లెన్సు. మధ్యలో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ మామూలుగా ఉంటారు, రెండు చివర్లా నిలబడినవాళ్ళు అడ్డంగా సాగిపోయి ఉంటారు. గుండ్రటి తలని చదునైన ఫిల్ము మీద గీతలు వంగకుండా పరిచినందుకు చెల్లించే మూల్యమిది. 28 ఎం.ఎం.లో అడ్డం అంచు దగ్గర ఇది దాదాపు 19 శాతం. లెక్క కావాలంటే 36 మిల్లీమీటర్ల ఫ్రేములో సగం 18, దాన్ని 28తో భాగిస్తే కోణం సుమారు 33 డిగ్రీలు, ఆ కోణం కొసైన్‌తో 1ని భాగించండి. ఆరు గాజులైనా ఎనిమిది గాజులైనా ఇది మారదు, ఎందుకంటే ఇది లోపం కాదు, జ్యామితి. ఇక మన గ్రూపు ఫోటోల్లో చివర్లకి ఎవరు వెళ్తారో మీకు తెలుసు. పిలిస్తే వచ్చి, సిగ్గుపడుతూ ఒక పక్కకి ఒదిగి నిలబడే దూరపు చుట్టాలు, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన మేనత్తలు. దీనికి మందు లెన్సు మార్చడం కాదు. రెండు వరసలుగా నిలబెట్టి, చివర్ల ఖాళీ వదలాలి, లేదా ఫోటోగ్రాఫర్ హాలు బయటికి పోయి తలుపులోంచి తీయాలి. మగ్గం ఇంట్లో రాట్నం దగ్గరున్న ఆవిడ కూడా సరిగ్గా ఆ అంచులోనే పడుతుంది, ఆ సంగతి గుర్తు పెట్టుకుని కెమెరా తిప్పాలి.

ఆదోనికి పడమరగా, తుంగభద్ర ఒడ్డునే, ఈ చర్చకి పనికొచ్చే పాత కథ ఒకటుంది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే కంపెనీ సైన్యాధికారి హంపి శిథిలాల్ని మైనపు కాగితపు నెగెటివ్‌ల మీద ఫోటోలు తీశాడు. 1983లో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ ఆ ఫోటోలు పట్టుకుని వెళ్ళి, గ్రీన్‌లా కెమెరా ఎక్కడ ఉందో వెతుక్కుని, అవే చోట్ల నుంచి మళ్ళీ తీశాడు. పాతదానికీ కొత్తదానికీ మధ్య పోలిక అంటే నాకు అర్థమయ్యేది అలాంటిది. అందులో కెమెరా నిలబడిన చోటు స్థిరంగా ఉంటుంది, మారినదంతా కనబడుతుంది. ఆదోని కోటకీ, రణమండల కొండకీ, సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదుకీ అలాంటి పని ఎవరైనా చేస్తే బాగుండు. దానికి 28 ఎం.ఎం. ఏ వెర్షన్ అన్నది అసలు సమస్యే కాదు. దూరంగా ఉన్న రాతి గోడకి ఎఫ్/8 దగ్గర మూడూ సరిపోతాయి.

కొత్తది ఎప్పుడూ మెరుగే అని నేను అనడం లేదని చెప్పడానికి ఈ వంశంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఎనభైల్లో ఆటోఫోకస్ వచ్చినప్పుడు నికాన్ తెచ్చిన 28 ఎం.ఎం. ఎఫ్/2.8లో ఈ ఎనిమిది గాజుల డిజైన్ లేదు. చవక లెన్సుల కోసం చేసిన సిరీస్ ఇ వాళ్ళ ఐదు గాజుల డిజైన్‌నే ప్లాస్టిక్ ఒంట్లో పెట్టి ఇచ్చారు. సీఆర్‌సీ పోయింది, దగ్గరితనం మళ్ళీ 30 సెంటీమీటర్లకి వెనక్కి. తొంభైల్లో ఆరు గాజులతో కొంత బాగుచేశారు. తేదీ చూసి కొనేవాళ్ళు అక్కడ దెబ్బతింటారు. సెకండ్ హ్యాండులో కొనేటప్పుడు ‘28 ఎఫ్/2.8 మాన్యువల్’ అన్న ఒక్క మాట కింద సిరీస్ ఇ, ఏఐ, ఏఐ-ఎస్ మూడూ తిరుగుతుంటాయి. గుర్తుపట్టడం తేలికే. ఫోకస్ రింగు తిప్పి దూరాల వరస చివర చూడండి, 0.2 దాకా ఉంటే అది మనకి కావలసింది. ఎపర్చర్ రింగు మీద 22 అంకె నారింజ రంగులో ఉండటం కూడా ఏఐ-ఎస్ గుర్తే. 1977కి ముందువి అలాగే ఉంచినవైతే, తర్వాత వచ్చిన చాలా నికాన్ కెమెరాలకి నేరుగా బిగించకూడదు, కెమెరా మీది చిన్న మీట విరుగుతుంది. మిర్రర్‌లెస్‌కి అడాప్టర్ వేసుకునేవాళ్ళకి ఆ భయం లేదు.

ఇంకొక్కటి, ఇది ఏఐ-ఎస్‌కి వ్యతిరేకంగా. దుమ్ము, పత్తి నూగు, నలభై దాటే ఎండలు. ఎండకి లోపలి గ్రీజు పల్చబడి ఎపర్చర్ రేకుల మీదికి పాకుతుంది, రేకులు నెమ్మదిస్తాయి. కొనేముందు ఎపర్చర్ మీట కదిపి అవి చటుక్కున మూసుకుంటున్నాయో లేదో చూడాలి. పాత ఎఫ్/3.5 ఐతే చెయ్యి తిరిగిన మెకానిక్ ఎవరైనా విప్పి తుడిచి బిగించగలడు. ఏఐ-ఎస్‌లో విడివిడిగా కదిలే గాజుల గుంపులుంటాయి కాబట్టి తిరిగి బిగించేటప్పుడు వాటి ఎడం కుదరాలి. కుదరకపోతే దగ్గరితనమంతా వృథా, మూలలు మళ్ళీ పిండే. యార్డులో రోజూ తిరిగే ఫోటోగ్రాఫర్ ఎవరైనా నన్ను అడిగితే ఏఐ-ఎస్ తీసుకుని, ముందు ఒక 52 ఎం.ఎం. ఫిల్టరు బిగించి, నూగు గాలిలో లేస్తున్నప్పుడు లెన్సు మార్చొద్దంటాను. డబ్బు తక్కువైతే ఏఐ తీసుకోమంటాను. మగ్గం ఇంట్లో ముప్ఫై సెంటీమీటర్లకీ ఇరవైకీ మధ్య ఉన్నదాన్ని వదులుకోవాలి, పెద్దాయన మాత్రం వెనక్కి జరగమని అనడు.